కీబోర్డును దింపేయక్కర్లేదు, గాంధారాన్ని దింపితే చాలు

అయ్యా,

కచేరీల్లో కీబోర్డు అపశ్రుతి పలుకుతుంది, స్టేజీ మీంచి దింపేయండి అని ఈమధ్య మీ పేజీలో ఒకరు రాశారు. విజయనగరం చుట్టుపక్కల గుళ్లలో, పెళ్లిళ్లలో అదే వాయించి బతుకుతున్నవాణ్ని కాబట్టి కోపం వచ్చిన మాట నిజమే, కానీ ఆయన చెవి అబద్ధం చెప్పలేదు.

నా సంగతే చెబుతాను. పైడితల్లి పండగ రోజుల్లో ఒక పందిట్లో శంకరాభరణం రాగం వాయిస్తున్నాం, పక్కన వయొలిన్ మాస్టారు. నేను గాంధారం (సరిగమల్లో గ) మీద నిలిచినప్పుడల్లా ఆయన కమాను ఎత్తేసి నావంక చూడ్డం. టీ తాగేటప్పుడు "నీ గ ఎక్కువ పలుకుతోందిరా, కాస్త దింపు" అన్నారు. దింపడానికి ఇదేమైనా వీణ బిరడానా అని మనసులో విసుక్కున్నాను.

తర్వాత తెలిసింది, నిజంగానే దింపొచ్చు. కీబోర్డులో స్థాయిని, అంటే స నుంచి పై స దాకా ఉన్న దూరాన్ని, 12 సమాన భాగాలు చేసి పెట్టారు, ఒక్కోటి 100 సెంట్లు (పొలాల లెక్కే, ఎకరానికి 100 ఉన్నట్టు). షడ్జం (స) నుంచి అంతర గాంధారం, అంటే శంకరాభరణంలో వచ్చే గ, మెట్టు 400 దగ్గరుంటే, తంబురాలో వినిపించే గాంధారం 386 దగ్గరుంటుంది. మాస్టారి చెవిలో ముల్లు ఆ 14 సెంట్లే. పంచమంలో (ప) తేడా 2 సెంట్లు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. చాలా కీబోర్డుల్లో స్కేల్ ట్యూనింగ్ అని ఒక మెనూ ఉంటుంది, అందులో ఏ మెట్టుకు ఆ మెట్టు విడిగా తగ్గించుకోవచ్చు. కాకపోతే ఒకటి శ్రుతికి (స ఏ మెట్టు మీద ఉండాలో చెప్పేదే శ్రుతి) సరిచేసి పెట్టుకున్నాక పాడేవారు రెండు శ్రుతి అన్నారనుకోండి, దించిన ఆ మెట్టే చతుశ్రుతి రిషభమై (రి) కూర్చుని ఇంకా ఘోరంగా వినిపిస్తుంది. అందుకే నేను శ్రుతికో మెమరీ చొప్పున దాచుకున్నాను, స్టేజీ మీద ఒక్క బటన్.

మెనూ లేనివాళ్లు పిచ్ బెండ్ చక్రంతో (పలికే స్వరాన్ని పైకీ కిందికీ జరిపేది) సర్దుకోవచ్చు కదా అంటారు. సన్నదనానికి అందులో లోటేం లేదు, ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే 1983 నాటి మిడి పద్ధతిలోనే దానికి 16,384 అంచెలున్నాయి. చిక్కల్లా అది ఒక ఛానెల్ మీద పలికే స్వరాలన్నిటినీ కలిపి లాగేస్తుంది, గ ని దించబోతే కింద పట్టుకున్న స కూడా జారుతుంది. స్వరానికో ఛానెల్ ఇచ్చే ఎంపీఈ పద్ధతి 2018లో వచ్చింది గానీ, మా ఊళ్లలో వాయించే పెట్టెల్లో అది నాకింకా కనబడలేదు. గమకానికి, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, మాత్రం ఆ చక్రమే దిక్కు. తోడి రాగంలోని గాంధారం ఏ మెనూలోనూ దొరకదు, ఎడమ చేత్తో ఊపాల్సిందే.

హార్మోనియంను ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలు దూరం పెట్టింది. పాపం, దానికి మెనూ లేదు, మాకు ఉంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల మొదలైన ఊరు మాది, ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు. అలాంటి చోట కీబోర్డు నేర్పే మాస్టర్లు కార్డ్స్‌తో (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కడం) సరిపెట్టకుండా, పిల్లలను తంబురా పక్కన కూర్చోబెట్టి ఒక్క పూట ఈ మెనూ చూపించాలని నా విన్నపం.

— ఒక కీబోర్డు వాయిద్యకారుడు, విజయనగరం