నీళ్ల సీసా నిండుగా ఎందుకు తిరిగొస్తోంది?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఫార్మేటివ్ పరీక్షల మార్కులు లోపలి పేజీలో ఉన్నాయి, చూసుకోండి. ఈ పేజీ మాత్రం బాత్రూముల గురించి. టీ తాగుతూ చదివేవాళ్లు ముందు టీ పూర్తి చేయండి.

జులై మూడో వారంలో ఒక సాయంత్రం లాంగ్ బెల్‌కి కాస్త ముందు ఎనిమిదో తరగతి గదిలోకి వెళ్లాను. అమ్మాయిల వైపు బల్లల మీద నీళ్ల సీసాలు వరసగా ఉన్నాయి. ఒకటి పక్కకి జరుపుదామని ఎత్తితే బరువుగా తగిలింది. పక్కది ఎత్తాను, అదీ అంతే. పొద్దున ఇంట్లో మీరు నింపి పంపిన నీళ్లు మూతి దాకా అలాగే ఉన్నాయి. ఆ రోజు వచ్చిన 31 మంది అమ్మాయిల్లో 19 మందివి నిండు సీసాలే. "ఏమ్మా, దాహం వెయ్యదా మీకు?" అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. కాసేపటికి చివరి బెంచీ అమ్మాయి, "తాగితే వెళ్లాల్సొస్తుంది కదా మేడమ్" అంది.

అప్పుడు లేచి అమ్మాయిల బాత్రూములకి వెళ్లాను. మొత్తం నాలుగు. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగే కాగితంలో "పనిచేస్తున్నవి: 4" అని రాసి నేనే సంతకం పెట్టాను. లోపల చూస్తే రెండు తలుపులకి గడియ లేదు. ఒకదానికి ఎవరో పాత లంగా నాడా కట్టారు. లోపలున్న పిల్ల ఒక చేత్తో ఆ నాడా పట్టుకుని కూర్చోవాలి, లేదా బయట స్నేహితురాలిని కాపలా పెట్టుకోవాలి. చున్నీ తగిలించుకోడానికి కొక్కెం లేదు, పళ్లతో పట్టుకుంటారట. మగ్గుకి పిడి విరిగింది. పొద్దున ఎక్కించిన ట్యాంకు పదకొండున్నరకల్లా ఖాళీ అయిపోతోంది. ఆ తరవాత వెళ్లిన పిల్లకి కుళాయిలో గాలి తప్ప ఏమీ రాదు. ఇలాంటి చోటికి వెళ్లాలంటే నేను కూడా నీళ్లు తాగను.

పక్క ఊళ్ల నుంచి ఆటోలో వచ్చే పిల్లలు పొద్దున ఎనిమిదింటికి ఇల్లు వదిలితే తిరిగి చేరేది అయిదింటికి. అంతసేపు నీళ్లు తాగకుండా, వచ్చినా ఆపుకుంటూ కూర్చుంటే మూత్రంలో మంట, పొత్తికడుపు నొప్పి, జ్వరం రావచ్చు. డాక్టర్లు మూత్రనాళ ఇన్ఫెక్షన్ అంటారు. ఆడపిల్లలకి మూత్రనాళం పొట్టిగా ఉంటుంది కాబట్టి ఇది త్వరగా పట్టుకుంటుంది. మధ్యాహ్నం క్లాసులో తలనొప్పి అని బల్ల మీద వాలిపోయే పిల్లల్ని నిద్రమొహాలని నేనూ కోప్పడ్డాను. కేరళ బడుల్లో 2019లో వాటర్ బెల్ అని పెట్టారు, బెల్ కొట్టగానే పిల్లలందరూ నీళ్లు తాగాలి. బాగుందని మనమూ మొదలుపెట్టాం. మన అమ్మాయిలు బెల్ కొట్టగానే సీసా ఎత్తి పెదాలు తడిపి దించేసేవాళ్లు. అసలు సంగతి తెలియక మేము బెల్లు గట్టిగా కొట్టాం.

గడియలు, కొక్కేలు, గొలుసు కట్టిన కొత్త మగ్గులు, రెండు బకెట్లు, బిగించిన కూలీ, అన్నీ కలిపి 1,140 రూపాయలయ్యాయి. (గొలుసు ఎందుకంటే రైల్లో ఎందుకో ఇక్కడా అందుకే.) మోటారు ఇప్పుడు ఇంటర్వెల్‌కి ముందు, పదింబావుకి రెండోసారి వేస్తున్నాం. రెండు రోజుల్లో అయిపోయిన పని. ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదంటే నా దగ్గర మంచి జవాబు లేదు. పిల్లల్ని అడగలేదు, అంతే.

అక్కడితో అయిపోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. సోమవారం మెరిసిన బాత్రూములు గురువారానికి మళ్లీ ముక్కు మూసుకునేలా తయారయ్యాయి. ఆయమ్మ గారు రోజూ కడుగుతూనే ఉన్నారు. ఏం చేద్దామని ఆవిణ్ణే అడిగాను. ఆవిడ నన్ను లోపలికి తీసుకెళ్లి, పొడిగా ఉన్న బేసిన్ చూపించి, "పొడి మీద పడ్డది అంటుకుపోద్ది మేడమ్. కూర్చోక ముందు ఒక మగ్గు పొయ్యమనండి, లేచాక రెండు. నేను రుద్దే పని సగం తగ్గిద్ది" అన్నారు. పెళ్లయిన పాతికేళ్లలో నాకు ఎవరూ చెప్పని మాట ఇది. దోసె పెనం మీద ముందు నీళ్లు చిలకరించే మనకి ఈ సంగతి తోచకపోవడం విచిత్రం. ఇప్పుడు ప్రతి తలుపు లోపలి వైపు "ముందు 1, తరవాత 2" అని పెయింటుతో రాయించాను. మీ ఇంట్లో కూడా చేసి చూడండి.

ఇంకొకటి కూడా ఆవిడ దగ్గరే తెలిసింది. కిందటేడు మరకలు పోవడం లేదని ఆవిడ యాసిడ్ పోసి, దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లారట. గొంతు పట్టేసి, కళ్లు మండి, గంటసేపు దగ్గారట. మాకెవరికీ చెప్పలేదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, మూసిన గదిలో అది ప్రాణం మీదకి తెస్తుంది. దయచేసి ఇంట్లో ఎవరూ ఈ పని చెయ్యకండి. ఒకరోజు ఒకటి వాడండి, బాగా నీళ్లతో కడిగేయండి, అంతకన్నా మెరుపు అక్కర్లేదు.

ఈ పేరా అమ్మలతో పాటు నాన్నలు కూడా చదవాలి. వాడిన ప్యాడ్లు బేసిన్‌లో వేస్తే అవి నీళ్లు పీల్చి ఉబ్బి పైపు మధ్యలో కూర్చుంటాయి. కిందటేడు డిసెంబరులో లైను పొంగినప్పుడు మూత తీయిస్తే బయటపడ్డవి అవే. పిల్లల్ని తిట్టి లాభం లేదు, అప్పుడు అక్కడ మూత ఉన్న డబ్బా లేదు. నలుగురిలోంచి చేతిలో పట్టుకుని ఎక్కడికి తీసుకెళ్తారు? ఇప్పుడు ప్రతి బాత్రూములో కాలితో తొక్కితే తెరుచుకునే డబ్బా, పక్కన పాత న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టాం. కాగితంలో చుట్టి అందులో వెయ్యమని ఇంట్లో కూడా ఒక మాట చెప్పండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

చేతులు కడగడం దగ్గరికి వస్తే నాకు ముందు లెక్క కనిపిస్తుంది (నేను లెక్కల టీచర్నే కదా). మన బడిలో 312 మంది పిల్లలు, 12 కుళాయిలు. కుళాయికి 26 మంది. సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడుక్కోడానికి మనిషికి అరనిమిషం వేసుకున్నా వరసలో చివరి పిల్లకి 13 నిమిషాలు పడుతుంది. అవతల పప్పు, అన్నం వాసన వస్తుంటే ఏ పిల్లాడు 13 నిమిషాలు ఆగుతాడు? వేళ్లు తడిపి లాగుకి తుడుచుకుని పరిగెత్తుతాడు. అందుకని ఆరు, ఏడు తరగతులకి భోజనం బెల్లు పావుగంట ముందు కొడుతున్నాం. సబ్బులు మట్టిలో పడిపోతున్నాయని, కొన్ని మాయమవుతున్నాయని, ఉల్లిపాయలు వచ్చే వల సంచి కత్తిరించి అందులో సబ్బు వేసి కుళాయికి కట్టాం. వల గరుకుగా ఉంటుంది కాబట్టి నురుగు కూడా బాగా వస్తోంది. తిన్నాక ప్లేటు అక్కడే కడుగుతూ మెతుకులు కాలవలోకి వదులుతున్నారు, కాలవ నిండి ఈగలు. దానికి ఒక బకెట్ పెట్టాం, మెతుకులు, గుడ్డు పెంకులు అందులో. చిక్కీ కవర్ల సంగతి ఇంకా తేలలేదు. చిక్కీ ఇచ్చిన రోజు గ్రౌండ్ చూస్తే తెలుస్తుంది.

10వ తేదీన నులిపురుగుల మాత్ర ఇస్తాం. 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, తరవాత దేశమంతటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో రెండేళ్ల నుంచి 19 ఏళ్ల దాకా పిల్లలకి ఇస్తున్న అల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్రే ఇది. నమిలి మింగాలి. కొందరికి కాస్త వికారం, కడుపునొప్పి అనిపించవచ్చు, సాధారణంగా కాసేపట్లో పోతుంది. పురుగులు ఎక్కువ ఉన్న పిల్లల్లో అలా అనిపిస్తుంది. "మొన్న ఫిబ్రవరిలోనే కదా వేశారు, మళ్లీ ఎందుకు?" అని కొందరు అడిగారు. మాత్ర కడుపులో ఉన్న పురుగుల్ని చంపుతుంది, రేపు కొత్తవి రాకుండా ఆపలేదు. ఆరుబయట మలవిసర్జన చేసిన చోట గుడ్లు మట్టిలో కలుస్తాయి. ఏలికపాముల గుడ్లు గోళ్లలో మట్టితో, కడగని కూరలతో నోట్లోకి పోతాయి. కొంకిపురుగు పిల్లలయితే నోటి దాకా కూడా రానక్కర్లేదు, చెప్పులు లేని పాదం చర్మంలోంచే లోపలికి దూరతాయి, పేగులో చేరి రక్తం పీలుస్తాయి. హిమోగ్లోబిన్ తక్కువని ఐరన్ మాత్రలు మింగుతున్న పిల్లలు మన బడిలో ఉన్నారు. వాళ్లలో కొందరు చెప్పులు బ్యాగులో పెట్టుకుని నడిచి వస్తారు, కొత్తవి అరిగిపోతాయని. చెప్పులు అరగనివ్వండి.

బాత్రూములు ఎవరు కడుగుతారన్నది కమిటీ సమావేశంలో ఒక నాన్నగారు లేవనెత్తారు, పిల్లల చేత చేయిస్తే బాధ్యత తెలుస్తుంది కదా అని. గాంధీ గారు 1901 కలకత్తా కాంగ్రెస్‌కి వెళ్లినప్పుడు అక్కడి మరుగుదొడ్లు చూసి తనే చీపురు పట్టుకున్నారు, ఆ ఉదాహరణ కూడా ఆయన చెప్పారు. నిజమే. అయితే గాంధీ గారు తన చీపురు తనే ఎత్తుకున్నారు, ఇంకొకరి పిల్లాడికి ఇవ్వలేదు. బడుల్లో "ఎవరైనా ఇద్దరు రండిరా" అన్నప్పుడు ఆ ఇద్దరు ఏ పేట నుంచి వస్తారో ఈ ఊళ్లో పుట్టిన వాళ్లకి నేను చెప్పాలా? పాకీ పనిని రూపుమాపడానికి జీవితం పెట్టినందుకు 2016లో మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ తెలుగు కుటుంబం నుంచి వచ్చినవారే. నేను ఉన్నంత కాలం ఈ బడిలో ఏ పిల్లా బాత్రూము కడగదు. తరగతి గది ఊడవడం వేరు, అది రోల్ నంబర్ల ప్రకారం అందరికీ వస్తుంది, అబ్బాయిలకి కూడా. మా అబ్బాయి చేత ఊడిపించారని ఇద్దరు అమ్మలు వచ్చి అడిగారు. అవునండీ, ఊడ్చాడు, మూలలు వదిలేశాడు, రెండోసారి ఊడిపించాం.

ఇప్పుడు కాస్త ఇబ్బందిపెట్టే మాట. జులై సమావేశానికి మీరు ఇంతమంది వచ్చినందుకు మాకు చాలా సంతోషం. మీరు వెళ్లాక ఆయమ్మ గారూ నేనూ గ్రౌండ్ చుట్టూ తిరిగాం. వేపచెట్టు కింద, వరండా గట్టు మీద పేపర్ కప్పులు 43. చెత్తబుట్టలో 11. అబ్బాయిల చేతులు కడిగే చోట గోడ మీద ఎర్రటి చార, గుట్కా ఉమ్మింది. అదే గోడ మీద కిందటి నెల తొమ్మిదో తరగతి పిల్లలు కడిగే పద్ధతి బొమ్మలు వేశారు. అక్కడే ఉన్న ఒక ఏడో తరగతి పిల్లాడు నన్ను చూసి, నేనేమీ అడక్కుండానే, "మా నాన్న కాదు మేడమ్" అన్నాడు. తరవాత వాడే తడిగుడ్డ తెచ్చి తుడవబోతే నేను ఆపాను.

తప్పు సగం మాది. టీ పెట్టింది చెట్టు దగ్గర, చెత్తబుట్ట పెట్టింది స్టేజీ వెనకాల. కప్పు పట్టుకుని ఎవరు వెతుక్కుంటారు? వచ్చే సమావేశంలో స్టీలు గ్లాసులు పెడతాం, పక్కనే కుళాయి. తాగినవాళ్లు కడిగి బోర్లించాలి. సర్పంచి గారు వచ్చినా సరే. ఉమ్మడం మాత్రం సగం కూడా మా ఖాతాలో వేసుకోలేను.

మనవాళ్లు ఇంట్లో మురికి మనుషులు కాదు. తెల్లారకుండా వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లి ముగ్గు పెడతాం. చెప్పులు గుమ్మం దాటనివ్వం. ఆ ముగ్గు అంచు దాటాక మాత్రం ఊరు ఎవరిదో అయిపోతుంది. బస్సు కిటికీలోంచి అరటితొక్క వెళ్లిపోతుంది, రేషన్ షాపు పక్క సందులో జిప్పు తెరుచుకుంటుంది. ఆ గోడకి దేవుళ్ల టైల్సు అతికిస్తే రెండడుగులు పక్కకి జరుగుతున్నారు. మేమూ ఏం తక్కువ తినలేదు. మూడో శనివారం స్వచ్ఛ ఆంధ్ర ర్యాలీలో పిల్లల చేత నినాదాలిప్పించి, చివర్లో బిస్కెట్ ప్యాకెట్లు పంచాం. ఆ కవర్లన్నీ బస్టాండు దాకా ర్యాలీ వెళ్లిన దారి చూపించాయి. ఈ నెల ర్యాలీ లేదు. ఆ గంట బస్టాండు పక్క కాలవ దగ్గర మేం టీచర్లం పని చేస్తాం, రాగలిగినవాళ్లు ఏడున్నరకి రండి, గ్లౌజులు ఉన్నాయి.

చివరిగా ఒక పని. సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే హోమ్‌వర్కు అడిగే ముందు నీళ్ల సీసా ఎత్తి చూడండి. బరువుగా ఉంటే కోప్పడకుండా ఎందుకని అడగండి. ఏ బాత్రూము, ఏ తలుపు అని కూడా అడిగి డైరీలో రెండు ముక్కలు రాసి పంపండి, పేరు రాయకపోయినా ఫర్వాలేదు.

నిన్న సాయంత్రం ఎనిమిదో తరగతిలో మళ్లీ ఎత్తి చూశాను. 31లో నిండు సీసాలు 7. మూడో బాత్రూము గడియ మళ్లీ వదులైందట, వెల్డరు రేపు వస్తానన్నాడు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు