లిఫ్టులో పడుకోవాలా?

మామా,

రెండు నెలలైంది రాయక, తిట్టుకో. అమ్మ మోకాళ్ల నొప్పులు అట్లనే ఉన్నాయి, చిన్నోడికి ముందరి పళ్లు రెండూ ఊడాయి. ఇంటి సంగతులు ఇంతే. అసలు ముచ్చట విను, ఆదివారం నుంచి ఎవరికీ చెప్పుకోలేక కడుపు ఉబ్బిపోతోంది.

మా అపార్ట్‌మెంట్ల వెంచర్ చూడటానికి హైదరాబాద్ నుంచి ఆరుగురు ఇన్వెస్టర్లు వచ్చారు. వారం ముందు నుంచీ మా సార్ ఒకటే నస: క్లబ్‌హౌస్ గురించి చెప్పు, కాజీపేట రైల్వే ఫ్యాక్టరీ చెప్పు, మామునూరు ఎయిర్‌పోర్టు తప్పకుండా చెప్పు. మన చిన్నప్పటి నుంచీ ఆ ఎయిర్‌పోర్టు కథే కదా, 2025లో కేంద్రం సరే అన్నాక మాత్రం బ్రోచర్ మీద ఏకంగా విమానం బొమ్మే వేయించాడు. నేను ఆ పచ్చ షర్టే వేసుకున్నా, నవ్వకు.

మోడల్ ఫ్లాట్‌లో ఏసీ వేసి, బాదం పాలు ఇచ్చి, టీవీ మీద స్లైడ్లు తిప్పుతున్నా. వాళ్లలో ఒకాయన మామగారు, కాజీపేట రైల్వేలో చేసి రిటైరయ్యాడట, సోఫాలో కూర్చోనే లేదు. జేబులోంచి టేపు తీసి, "బిడ్డా, ఈ కొస పట్టుకో" అన్నాడు. నేనే పట్టుకున్నా మామా! సేల్స్ వాడిని, నా ఫ్లాట్‌ని నేనే కొలిపిస్తున్నా. హాలు, రెండు బెడ్‌రూములు, వంటిల్లు, బాత్రూములు, అన్నీ బ్రోచర్ వెనకాలే రాసుకుని కూడాడు. 1450 చదరపు అడుగులని మేం అమ్మేదాంట్లో గోడల లోపల 1030 తేలింది.

"మిగతాది ఏడ బోయింది?"

"కామన్ ఏరియా సార్, మెట్లు, కారిడార్, లిఫ్టు..."

"అంటే లిఫ్టుల పండుకోవాల్నా?"

అందరూ నవ్వారు, సార్ తప్ప. ఇళ్లు కట్టి అమ్మేవాళ్ల కోసం 2016లో తెచ్చిన రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి జాగా, తేల్చి చెప్పాలి కదా అని పెద్దాయనే అన్నాడు. అక్కడితో ఆగలేదు. నా వాటాకి భూమి ఎన్ని గజాలు వస్తుందన్నాడు. 45 అన్నా. కిరాయి ఎంతొస్తుందన్నాడు. పదిహేను వేలన్నా. ఫ్లాటు డెబ్బై లక్షలు, ఏడాది కిరాయి లక్షా ఎనభై వేలు, రెండున్నర శాతం, ఇందులో మెయింటెనెన్స్ ఎవరు కడతారు, ఖాళీగా ఉన్న నెల సంగతేంది, బ్యాంకులో వేసుకుంటే నయం కదా అని అల్లుడి దిక్కు చూశాడు. ఆ అల్లుడి మొహం నువ్వు చూడాల్సింది.

ఆఖరికి అడిగాడు, "వానొస్తే ఈడికి నీళ్లొస్తయా?"

సార్ నేర్పిన జవాబు నోట్లోనే ఉంది: ఎత్తు మీద ఉంది సార్, చుక్క నిలవదు. కానీ 2020 ఆగస్టు కళ్ల ముందు తిరిగింది. హన్మకొండ కాలనీలన్నీ చెరువులైన ఆ రాత్రి, నయీంనగర్ నాలా పొంగినప్పుడు నీ బండికి తాడు కట్టి లాగింది నేనే కదా, నువ్వేమో ముందు పెరుగు గిన్నె కాపాడమన్నావు... సరే, ఆ గిన్నె ఊసు మళ్లీ ఎత్తను. నోరు జారింది. "సందు మొదట్లో మోకాలి లోతు వచ్చాయి సార్, మా గేటు దాకా రాలేదు, సెల్లార్‌లో మోటార్లు పెట్టాం" అనేశా.

ఏసీ చప్పుడు తప్ప ఏం వినపడలేదు.

టోకెన్ ఎవరూ ఇవ్వలేదు. ముగ్గురు పార్కింగ్‌లోనే చేయి కలిపి వెళ్లిపోయారు. సార్ నాలుగు రోజులుగా నన్ను "ఏవండీ" అంటున్నాడు, తిట్టినా బాగుండేది. పెద్దాయన మాత్రం నా నంబరు తీసుకుని, రెరా నంబరు, లింకు డాక్యుమెంట్ల (ఆ భూమి పాత యజమానుల కాగితాల) జిరాక్సులు పంపమన్నాడు. నిన్న మళ్లీ ఫోన్ చేసి, ఉత్తరం వైపు మూడో అంతస్తులో ఏదైనా... ఆగు, సార్ బండి వచ్చింది, మిగతాది రాత్రికి