సంతకం పెట్టేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

హక్కుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలు వ్యూహరచనకూ అడ్వొకసీకీ (విధానాలు మార్చమని అధికారులనూ ప్రజలనూ ఒప్పించే పనికి) బయటి కన్సల్టెంట్లను పిలుచుకోవడం మామూలైపోయింది. పిలవడంలో తప్పేమీ లేదు, మేమూ ఆ పనిలో ఉన్నవాళ్ళమే. అయితే ఆ డబ్బుతో చాలా సంస్థలకు దక్కేది అరవై పేజీల పత్రం, రెండు రోజుల వర్క్‌షాపు, గోడ నిండా రంగు చీటీలు. ఏడాది పోయాక ఆ పత్రం ఎక్కడుందంటే డైరెక్టర్ గారి ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. కన్సల్టెంటును పెట్టుకునేవాళ్ళు ఏం అడిగి తీసుకోవాలో చెబుదామని ఈ ఉత్తరం.

అన్నిటికన్నా ముందు తేలాల్సింది డిమాండు. కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికుల జీతాలు నెలల తరబడి ఆగిపోతున్నాయనుకుందాం. బ్యానర్ మీద 'కార్మికులకు న్యాయం చేయాలి' అని ఉంటుంది. దాన్ని ఎవరూ కాదనరు, అలాగని ఎవరూ ఏమీ చేయరు. వినతిపత్రం తీసుకుంటారు, ఫొటో దిగుతారు, పరిశీలిస్తామని పంపేస్తారు. అదే డిమాండును ఇలా రాసి చూడండి: 'కాంట్రాక్టరు బిల్లు పాస్ కావాలంటే, కిందటి నెల జీతం ప్రతి కార్మికుడి బ్యాంకు ఖాతాలో పడినట్టు రుజువు జతచేయాలి. ఈ షరతును రాబోయే టెండరు పత్రంలో చేర్చాలి.' ఇప్పుడు అవతలివాళ్ళు అవుననో కాదనో చెప్పక తప్పదు. కాదంటే ఎందుకు కాదో కూడా చెప్పాలి. ఆ 'ఎందుకు'లోనే మన పని దాగుంటుంది.

ఆ షరతు ఎవరి చేతుల మీదుగా పోతుందో చూడండి. టెండరు ముసాయిదా రాసేది ఒకరు. న్యాయపరంగా చూసేది మరొకరు. ఆర్థిక విభాగం ఒప్పుకోవాలి. సంతకం పై అధికారిది. ఆ తర్వాత నెలనెలా బిల్లు పాస్ చేసేది అకౌంట్స్‌లో కూర్చున్న ఇంకో మనిషి. సంస్థలు దాదాపు ఎప్పుడూ సంతకం పెట్టే పెద్దాయన చుట్టూనే తిరుగుతాయి. ఫైలు మాత్రం చాలాసార్లు ఆగేది ఆ అకౌంట్స్ మనిషి దగ్గర. ఆయనకు కార్మికుల మీద కోపమేమీ ఉండదు. 'వందల మంది పేర్లు సరిచూడటానికి నా దగ్గర ఉన్నది ఇద్దరు గుమాస్తాలు' అని ఆయన బాధ. దానికి ఉపన్యాసం పనికిరాదు, ఒక ఫారం పనికొస్తుంది: పేరు, ఖాతా చివరి నాలుగు అంకెలు, జీతం మొత్తం, జమ అయిన తేదీ, కింద బ్యాంకు స్టేట్‌మెంటు నంబరు. ఒక్క పేజీ. ఆ ఫారం నమూనా తయారుచేసి పట్టుకెళ్ళిన సంస్థకూ, నినాదం పట్టుకెళ్ళిన సంస్థకూ తేడా మొదటి సమావేశంలోనే తెలిసిపోతుంది.

వేళ కూడా చూసుకోవాలి. ముసాయిదా దశలో ఆ షరతు ఒక వాక్యం. టెండరు పిలిచాక అదే వాక్యం కోసం సవరణ ప్రకటన ఇవ్వాలి, గడువులు పెంచాలి, దాని జోలికి ఎవరూ పోరు. ఒప్పందం రెండేళ్ళదైతే రెండేళ్ళు పోయినట్టే. కాబట్టి వ్యూహంలో మొదటి కాగితం క్యాలెండరు కావాలి: బడ్జెట్ ప్రతిపాదనలు ఎప్పుడు పోతాయి, ఒప్పందాలు ఎప్పుడు ముగుస్తాయి, ఎన్నికలు ఎప్పుడు. ఈ తేదీలు లేని వ్యూహపత్రాన్ని వెనక్కి తిప్పి పంపినా తప్పులేదని మా అభిప్రాయం.

పవర్ మ్యాపింగ్ (ఎవరికెంత పలుకుబడి ఉందో, ఎవరు ఎటువైపో కాగితం మీద గుర్తించడం) అనే మాట ఈ రంగంలో అందరి నోటా వినిపిస్తుంది. పెద్ద కాగితం మీద నిలువు గీత పలుకుబడికి, అడ్డగీత మనవైపా ఎదుటివైపా అన్నదానికి. పద్ధతి మంచిదే, నింపడంలోనే తప్పంతా. 'మీడియా', 'యువత', 'ప్రభుత్వం' అని చీటీలు అంటిస్తారు. ప్రభుత్వాన్ని కలవడానికి అపాయింట్‌మెంట్ ఎవరిస్తారు? చీటీ మీద హోదా ఉండాలి, ఆ కుర్చీలో ఉన్న మనిషి పేరు ఉండాలి, ఆ మనిషి ఎవరి మాట వింటాడో ఉండాలి. ఆపైన, ఇప్పటికే మనతో ఉన్నవాళ్ళను మళ్ళీమళ్ళీ కలవడం హాయిగా ఉంటుంది కనుక సగం సమయం అక్కడే పోతుంది. బద్ధవిరోధులతో వాదనకు ఇంకో పావు భాగం. కాగితం పైభాగంలో, మధ్యలో ఎటూ తేల్చుకోని నలుగురైదుగురు ఉంటారే, పని జరగాల్సింది వాళ్ళ దగ్గర. బదిలీలు అయినప్పుడల్లా కాగితం మళ్ళీ రాయాలి. ఆరు నెలల కిందటి మ్యాపు పాత ఫోన్ నంబర్ల డైరీతో సమానం.

స్పష్టమైన డిమాండు ఏం చేస్తుందో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీలు, రైతుల సంస్థ చూపించింది. 1994లో మొదలైన జన్ సున్వాయీల్లో (ఊరివాళ్ళ ముందు జరిపే బహిరంగ విచారణల్లో) వాళ్ళు 'అవినీతి పోవాలి' అనలేదు. ప్రభుత్వ పనుల మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు, వోచర్ల నకళ్ళు ఇవ్వండి అన్నారు. చనిపోయినవాళ్ళ పేర్లూ, ఊళ్ళో లేనివాళ్ళ పేర్లూ కూలి జాబితాలో ఉన్న సంగతి ఊరి మధ్య చదివి వినిపిస్తే వేరే వివరణ అక్కర్లేకపోయింది. 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా కూడా ఆ నకళ్ళ కోసమే. అక్కడినుంచి 2005 సమాచార హక్కు చట్టం దాకా వచ్చిన దారిలో డిమాండు విస్తరించిందే తప్ప పలచబడలేదు.

ఎక్కడ అడగాలన్నది కూడా అంతే ముఖ్యం. మందుపాతరల నిషేధం కోసం 1992లో ఆరు సంస్థలు కలిసి ఒక అంతర్జాతీయ ప్రచారం మొదలుపెట్టాయి. ఐక్యరాజ్యసమితి నిరాయుధీకరణ చర్చల్లో ఏకాభిప్రాయం తప్పనిసరి, అంటే ఒక్క దేశం అడ్డుపడితే చాలు. అందుకని 1996 అక్టోబరులో కెనడా విదేశాంగమంత్రి లాయిడ్ ఆక్స్‌వర్దీ, ఒప్పుకునే దేశాలు ఏడాదిలో కెనడా రాజధాని అటావాకు తిరిగివచ్చి సంతకం చేయాలని పిలుపునిస్తే ప్రచారకులు ఆ వేదికను పట్టుకున్నారు. 1997 డిసెంబరులో అటావాలో 122 దేశాలు సంతకం చేశాయి, 1999 మార్చి 1న ఒప్పందం అమల్లోకి వచ్చింది. పెద్ద దేశాలు కొన్ని బయటే ఉండిపోయాయన్నది నిజమే. వాళ్ళు వచ్చేదాకా ఆగుదామని కూర్చుంటే అసలు ఒప్పందమే ఉండేది కాదు. తలుపు తెరుచుకోని చోట నిలబడి గట్టిగా తట్టడం పట్టుదల అనిపించుకుంటుంది గానీ, పక్కన ఇంకో తలుపుందేమో చూడమని చెప్పడానికే కన్సల్టెంటుకు డబ్బిచ్చేది.

ప్రజల అభిప్రాయం మార్చే పనిలో కన్సల్టెంట్లు అమ్మే సరుకులో నాసిరకం ఎక్కువ. కరపత్రాలు, హ్యాష్‌ట్యాగులు, చిన్న వీడియోలు ఇప్పటికే ఒప్పుకున్నవాళ్ళకు ఉత్సాహాన్నిస్తాయి, అంతే. ఇంటింటికీ వెళ్ళి తీరిగ్గా మాట్లాడే పద్ధతికి మాత్రం గట్టి ఆధారం ఉంది. పరిశోధకులు డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా 2016లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని మయామీలో 56 మంది కార్యకర్తలు 501 మంది ఓటర్ల ఇళ్ళకు వెళ్ళారు. సుమారు పది నిమిషాల సంభాషణతో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల విముఖత తగ్గింది, ఆ మార్పు కనీసం మూడు నెలలు నిలిచింది. (అంతకుముందు 2014లో అదే పత్రికలో ఇలాంటి ఫలితాలే ప్రకటించిన మరో వ్యాసాన్ని 2015లో వెనక్కి తీసుకున్నారు. దాని డేటాలో లోపాలు పట్టుకున్నవాళ్ళలో వీళ్ళిద్దరూ ఉన్నారు. సొంత రంగం మీదే అనుమానం పెట్టుకోవడం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.) కిటుకు వాదించకపోవడంలో ఉంది. అవతలి మనిషి అభిప్రాయం అడగాలి, విన్నప్పుడు మొహం చిట్లించకూడదు, తనను ఎవరైనా వేరుగా చూసిన సందర్భం ఏదైనా ఉందా అని అడిగి ఆగాలి. కొత్త కార్యకర్తలు ఆ 'ఆగడం' దగ్గరే దొరికిపోతారు. మౌనం భరించలేక ఉపన్యాసం ఎత్తుకుంటారు. అందుకే రిహార్సల్ లేకుండా వీధిలోకి పంపకూడదు.

ఇక ఒప్పంద పత్రం. 'ఐదేళ్ళ వ్యూహం తయారుచేయుట' అని టీఓఆర్‌లో (కన్సల్టెంటు పని వివరాల పత్రంలో) రాస్తే ఐదేళ్ళ వ్యూహమే వస్తుంది. దానికి బదులు ఫలానా నిర్ణయం ఫలానా నెలలోగా రావడానికి ఏం చేయాలో తేల్చమని రాయండి. పదిహేను ఇరవై ఇంటర్వ్యూలు చాలు, కానీ పేర్లన్నీ డైరెక్టరే ఇస్తే అందరూ ఒకే మాట చెబుతారు. మూడోవంతైనా బయటివాళ్ళు, సంస్థను విమర్శించేవాళ్ళు, గతంలో మన డిమాండును కాదన్నవాళ్ళు ఉండాలి. కాదన్నవాళ్ళను ఎందుకు కాదన్నారని అడగడం సంస్థ సిబ్బందికి కష్టం, బయటి మనిషికి తేలిక. కన్సల్టెంటు విలువలో సగం ఇదేనేమో. చివరికి అందే కాగితం మూడు నాలుగు పేజీలు దాటితే క్షేత్రంలో పనిచేసేవాళ్ళు చదవరు.

కన్సల్టెంటే అధికారుల దగ్గరకు వెళ్ళి మాట్లాడటం మొదలుపెడితే మాత్రం జాగ్రత్త. మొదట్లో సుఖంగానే ఉంటుంది. ఒప్పందం ముగిసిన రోజున పరిచయాలన్నీ ఆ మనిషితోపాటే బయటికి పోతాయి. ప్రతి సమావేశంలో సంస్థ మనిషి ఒకరు, వీలైతే సమస్య అనుభవిస్తున్నవారు ఒకరు కూర్చోవాలి, మాట్లాడాలి. రెండో సమావేశం నుంచి కన్సల్టెంటు నోట్సు రాసుకుంటే చాలు.

ఫీజు విషయానికొస్తే, చేసిన పనిని బట్టి విడతలుగా ఇవ్వండి. గెలిస్తే ఇంత అనే బేరం వద్దు, అది అడ్డదారులు తొక్కిస్తుంది. విరాళాలు తెచ్చిపెడితే శాతం ఇస్తామనే పద్ధతిని నిధుల సేకరణ నిపుణుల అంతర్జాతీయ సంఘం తన నియమావళిలోనే నిషేధించింది. ఆ కన్సల్టెంటు మీ డోనర్‌కు కూడా పనిచేస్తున్నాడా అని రాతపూర్వకంగా అడగండి. రేపు మీ పనిని మూల్యాంకనం చేయడానికి అతనే రావచ్చు.

చట్టం దేశానికో తీరు. అమెరికాలో విరాళాలపై పన్ను మినహాయింపున్న సంస్థలు పన్ను చట్టంలోని 501(హెచ్) పద్ధతి ఎంచుకుంటే ఖర్చులో మొదటి 5 లక్షల డాలర్లలో 20 శాతం దాకా చట్టాల మీద లాబీయింగ్‌కు, అంటే శాసనకర్తలను ఒప్పించే పనికి, పెట్టవచ్చు, ఆపైన శాతం తగ్గుతూ పోతుంది, మొత్తం 10 లక్షల డాలర్లు దాటకూడదు. ఎన్నికల్లో అభ్యర్థి తరఫున ప్రచారం అసలు కుదరదు. భారత్‌లో 2020 ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సవరణ తర్వాత విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు, నిబంధనల ప్రకారం వృత్తి నిపుణుల ఫీజులు ఆ లెక్కలోకే వస్తాయి. ఆ నిధులను ఇంకో సంస్థకు బదిలీ చేయడమూ కుదరదు. అందుకే ఒక పెద్ద సంస్థ విదేశీ నిధులు తెచ్చి కూటమిలోని చిన్నవాటికి పంచే నమూనా పనిచేయదు. ఈ సంగతి చూడకుండా వేరే దేశం నమూనాను దించిన వ్యూహపత్రాలు మొదటి ఆడిట్‌లోనే ఆగిపోతాయి. ఆడిటరును మొదటి వారంలోనే కూర్చోబెట్టుకోండి.

ఫలితం కొలవడానికి పత్రికల్లో ఎన్నిసార్లు పేరొచ్చిందో లెక్కపెట్టకండి. చిన్న రిజిస్టరు చాలు: తేదీ, ఎవరిని కలిశారు, వాళ్ళ మాటల్లోనే ఏమన్నారు, ఏం ఒప్పుకున్నారు, మళ్ళీ ఎప్పుడు. ఆరు నెలలు రాస్తే, 'పరిశీలిస్తాం' అన్న మనిషి 'ఆ ఫారం ఇంకో కాపీ ఇవ్వండి' అనే దాకా ఎప్పుడొచ్చాడో కనిపిస్తుంది. పై నుంచి ఉత్తర్వు రావడానికి ముందే కనిపించే గుర్తు అది. ఆ గుర్తు రాకపోతే దారి మార్చాలని చెప్పేదీ ఆ రిజిస్టరే.

మీకు కూడా ఒక మనవి. ధర్నా వార్త రాసేటప్పుడు ఎంతమంది వచ్చారో, ఏ నాయకుడు మాట్లాడాడో వేస్తున్నారు. అడిగింది ఏమిటి, దాని మీద సంతకం పెట్టాల్సింది ఏ హోదా, గడువు ఎప్పటిదాకా అన్నవి కూడా ఒక్క వాక్యంలో వేయండి. ఆ వాక్యానికి సంస్థ దగ్గర జవాబు లేకపోతే, లేదని వేయండి.

ఇట్లు,
అడ్వొకసీ రంగంలో పనిచేస్తున్న కొందరు సలహాదారులు