రూప్‌కుండ్ ఎముకలు అక్కడే ఉండనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం అండీ,

మీ పేపర్‌లో ట్రావెల్ పేజీ నేను వదలకుండా చదువుతాను. కొండల మీద సరస్సుల గురించి రాసినప్పుడల్లా కథ చాలా బాగా చెప్తారు, ఏ దేవత, ఏ శాపం, ఏ రాజు అన్నీ ఉంటాయి, కానీ అక్కడికి వెళ్ళినవాళ్ళు ఏం చెయ్యకూడదో ఒక్క లైన్ కూడా ఉండట్లేదు. ఈ లెటర్ దాని గురించే.

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ సృష్టించిన మిడిల్-ఎర్త్ అనే ఊహాలోకంలో మోరియా కొండల పక్కన ఖెలెద్-జారమ్ అని ఒక సరస్సు ఉంది, డ్వార్ఫ్‌లు అనే పొట్టి జాతివాళ్ళకి చాలా పవిత్రమైన చోటు. వాళ్ళ మూలపురుషుడు డూరిన్ అందులోకి తొంగి చూస్తే నీళ్ళలో తన తల మీద నక్షత్రాలు కిరీటంలా కనపడ్డాయంట. తర్వాత కాలంలో కూడా పట్టపగలు వంగి చూసినా అందులో చుక్కలే కనపడతాయి, చూసేవాడి నీడ పడదు. గిమ్లీ అనే డ్వార్ఫ్ మోరియా కొండ లోపలి నగరంలోంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయటపడ్డాక, వెనక శత్రువులు వస్తారని తెలిసి కూడా ఈ సరస్సు దగ్గరికి పరిగెడతాడు, ఇది చూడకుండా వెళ్ళొద్దని తనతో ఉన్న ఫ్రోడోని కూడా రమ్మంటాడు. గిమ్లీ వెళ్తాడు, చూస్తాడు, వీడ్కోలు చెప్పి, తల వంచి దణ్ణం పెట్టి వచ్చేస్తాడు. నాకు ఆ కథలో అన్నిటికంటే నచ్చింది అదే, పవిత్రం అనుకున్న చోటికి ఎలా వెళ్ళాలో అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

మరి మనుషుల ఎముకలున్న మన రూప్‌కుండ్ సరస్సు సంగతి చూడండి. ఉత్తరాఖండ్‌లో దాదాపు 5,000 మీటర్ల ఎత్తులో ఉంది, 1942లో ఒక ఫారెస్ట్ రేంజర్ చూసేదాకా ఆ ఎముకల గురించి బయట ప్రపంచానికి పెద్దగా తెలీదు. అక్కడివాళ్ళు చెప్పుకునే కథ ఏంటంటే కన్నౌజ్ రాజు నందాదేవి యాత్రకి నాట్యగత్తెల్ని వెంటబెట్టుకుని వచ్చాడని, అమ్మవారికి కోపం వచ్చి ఇనుప గుండ్లలాంటి వడగళ్ళు కురిపించిందని, అందరూ అక్కడే పోయారని. 2019లో 38 మంది ఎముకల డీఎన్‌ఏ చూస్తే అందరూ ఒకేసారి పోలేదని తేలింది, కొందరు వెయ్యేళ్ళకి పైగా కిందటి దక్షిణాసియా వాళ్ళు, 14 మంది మాత్రం తూర్పు మధ్యధరా ప్రాంతపు మూలాలున్నవాళ్ళు, వీళ్ళు 1800 ప్రాంతంలో పోయినవాళ్ళు. వీళ్ళు అంత దూరం నుంచి అక్కడికి ఎందుకొచ్చారో ఎవరికీ తెలీదు, తెలుసుకోవాలంటే మిగిలిన ఎముకలు అక్కడ ఉండాలి కదా. ట్రెక్కింగ్‌కి వెళ్ళినవాళ్ళు ఆ ఎముకల్ని జ్ఞాపకం అని బ్యాగులో వేసుకుని తెచ్చేశారు, కొందరు పుర్రెల్ని వరసగా పేర్చి ఫొటోలు దిగారు. అవి మనుషుల శవాలండీ, మన ఇంట్లో వాళ్ళవైతే అలా చేస్తామా.

2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్స్‌లో, అంటే ఆ ఎత్తులో ఉండే గడ్డి మైదానాల్లో రాత్రి టెంట్లు వెయ్యడం బ్యాన్ చేసింది, రోజుకి 200 మందికి మించి వెళ్ళొద్దంది. రూప్‌కుండ్‌కి వెళ్ళే దారి ఆలీ, బేదినీ బుగ్యాల్స్ మీదుగానే. చాలామంది ఈ ఆర్డర్‌ని తిట్టుకున్నారు, గైడ్లు, గుర్రాలవాళ్ళకి పని పోయిందన్నది నిజమే, వాళ్ళకి ప్రభుత్వం వేరే దారి చూపించాల్సిందే. అయినా ఆర్డర్ కరెక్టే అంటాను నేను, ఏడాదిలో సగం మంచు కింద ఉండే గడ్డి ఒకసారి నలిగిపోతే మళ్ళీ లేవడానికి ఏళ్ళు పడుతుంది. ఖెలెద్-జారమ్ ఉన్న లోయలో కూడా యుద్ధంలో పోయినవాళ్ళని కాల్చడానికి చెట్లు కొట్టేస్తే ఆ లోయ ఇక ఎప్పటికీ బోడిగానే ఉండిపోయింది, కథ రాసినాయన ఆ ఒక్క ముక్క కూడా మర్చిపోకుండా రాశాడు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఆ దారిలో ఎవరు వెళ్ళినా దిగేటప్పుడు కింద చెక్‌పోస్ట్‌లో బ్యాగులు చూడాలి, ఎముక దొరికితే అది తెచ్చినవాళ్ళ పర్మిట్‌తో పాటు వాళ్ళని తీసుకెళ్ళిన ట్రెక్కింగ్ కంపెనీ పర్మిట్ కూడా రద్దు చెయ్యాలి. ఎముకలన్నిటినీ ఫొటోలు తీసి నంబర్లు వేసి లెక్కలో పెట్టాలి, లేకపోతే ఏది పోయిందో కూడా తెలీదు. ఇంకోటి మీరు చెయ్యాల్సింది, ఇలాంటి సరస్సు గురించి ఎప్పుడు వేసినా కథ పక్కనే ఒక బాక్స్‌లో అక్కడ ఏం ముట్టుకోకూడదు, ఎక్కడ టెంట్ వెయ్యకూడదు, కోర్టు ఏం చెప్పింది అని వెయ్యండి. వచ్చే ట్రావెల్ పేజీ నుంచే మొదలుపెడితే సంతోషం.

ఇట్లు,
మీ పాఠకురాలు