దిగడం బాగా వచ్చాకే ఒంటరిగా పంపండి

సంపాదకులకు నమస్కారం.

2023 అక్టోబరులో మహారాష్ట్రలోని బారామతి దగ్గర వారం తిరక్కుండానే రెండు శిక్షణ విమానాలు కూలాయని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అబ్బాయి కూడా అప్పుడు పైలట్ శిక్షణలోనే ఉన్నాడు. కొన్నాళ్లకు వాడి తోటి విద్యార్థి ఒంటరిగా నడిపిన సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానం రన్‌వే మీదే దెబ్బతింది. మావాడు ఫొటో పంపాడు. ముందు చక్రం వెనక్కి మడతపడింది, ప్రొపెల్లర్ కొసలు చిక్కుడుకాయల్లా వంకర తిరిగాయి. దేవుడి దయవల్ల పిల్లాడికి ఏమీ కాలేదు.

వేగంగా దిగిన విమానం నేలను తాకి ఎగిరిపడింది. కంగారులో అతను విమానం ముక్కును కిందికి నొక్కాడు. వెనక చక్రాలు మోయాల్సిన దెబ్బంతా సన్నటి ముందు చక్రం మీద పడింది. అలాంటప్పుడు ఇంజిన్‌కు పూర్తి పవర్ ఇచ్చి, మళ్లీ పైకి లేచి, ఇంకో చుట్టు తిరిగి రావాలి. దాన్నే గో అరౌండ్ అంటారు. పిల్లలేమో అలా చేస్తే చేతకానితనం అనుకుంటారని భయపడుతున్నారు. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, ఇంట్లో చూస్తే లక్షల అప్పు. ఆ ఆత్రం నాకు తెలుసు, నేనూ పడ్డాను.

ఎగిరిపడిన విమానాన్ని అదుపు చేయడం శిక్షకుడు పక్కన కూర్చుని పదేపదే చేయించాకే సోలోకు, అంటే ఒంటరిగా ఎగరడానికి, పంపేలా పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గట్టిగా చూడాలి. గో అరౌండ్ చేసి వచ్చిన విద్యార్థిని ఎవరూ మందలించకూడదు.

– ఒక శిక్షణ పైలట్ తండ్రి, హనుమకొండ