ఉద్యోగాల హెల్ప్ డెస్క్: సభ్యులకు ఈ ఏడాది నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. నాలా పూడిక, పార్కు గేటు, వినాయక చవితి జమాఖర్చులు ఎప్పట్లాగే కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు, వాటి జోలికి నేను పోను. ఈసారి నివేదికంతా ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో నడిపిన ఉద్యోగాల హెల్ప్ డెస్క్ గురించే, ఎందుకంటే "అక్కడ కూర్చుని ఉద్యోగాలు ఇప్పిస్తారా?" అని మీలో చాలామంది అడిగారు. ఇప్పించం. సిఫార్సు చెయ్యం, పైసా తీసుకోం. ఉద్యోగాల కోసం పేరు ఎక్కించుకునే ప్రభుత్వ సర్వీసుల్లో మనవాళ్ల వివరాలు సరిగ్గా ఉన్నాయా లేదా చూసి, లేకపోతే సరిచేయిస్తాం.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్, అంటే ఉద్యోగం కావాల్సినవాళ్లు పేరు నమోదు చేయించుకునే సర్కారు ఆఫీసు, అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది కార్డు చేయించుకుని కాల్ లెటర్ కోసం ఏళ్ల తరబడి పోస్ట్‌మ్యాన్ దారి చూడటం. ఆ రోజుల్లో చాలా సర్కారు కొలువులకు ఎక్స్ఛేంజ్ పంపిన పేర్లలోంచే తీసుకునేవాళ్లు. 1996లో సుప్రీంకోర్టు, అదీ అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసులోనే, ఎక్స్ఛేంజ్ జాబితా ఒక్కటే చాలదు, పేపర్లో ప్రకటన ఇచ్చి బయటివాళ్లకూ అవకాశం ఇవ్వాలని చెప్పింది. అప్పటి నుంచి కార్డు విలువ తగ్గింది. ప్రైవేటు సంగతి ఇంకా విచిత్రం: 1959 చట్టం ప్రకారం 25 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ ఖాళీలను ఎక్స్ఛేంజ్‌కి తెలపాల్సి ఉండేది, కానీ అక్కడి పేర్లనే తీసుకోవాలని ఉండేది కాదు. తెలపకపోతే మొదటిసారి జరిమానా మహా అయితే 500 రూపాయలు ఉండేది. దానికి భయపడిన కంపెనీ ఎక్కడుంది చెప్పండి. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్ ఈ ఆఫీసులనే కెరీర్ సెంటర్లు అంటోంది, పేరు మారినంత మాత్రాన ఖాళీలు వచ్చి పడవు కదా.

అలాగని కార్డు పారేయకండి. మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించకపోతే సీనియారిటీ పోతుంది, ఈ ఏడాది డెస్క్‌కి వచ్చినవాళ్లలో ఇలా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో జాబ్ మేళాలు పెడుతూనే ఉంటారు, ఆ కబుర్లు గ్రూపులో వేస్తున్నాం.

మాకు ఎక్కువ పని పెట్టింది మాత్రం ఆన్‌లైన్ ప్రొఫైళ్లే. కేంద్ర కార్మిక శాఖ 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉంది, మన తెలంగాణది డీట్ (డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్) ఉంది, రెండూ ఉచితమే. మనవాళ్లు చాలామంది ఏనాడో పేరు ఎక్కించుకున్నారు, ఆ తర్వాత అటు తొంగిచూడలేదు. ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు లేదు, చదువు దగ్గర "ఇంటర్" అని ఉంటుంది, అనుభవం గడి ఖాళీ. ఒకమ్మాయి మందుల ఏజెన్సీలో కొన్నేళ్లు లెక్కలు రాసింది, ట్యాలీ బాగా వచ్చు, ప్రొఫైల్లో ఆ ముక్కే లేదు. కంపెనీవాళ్లు జిల్లా, చదువు, నైపుణ్యం కొట్టి వెతుకుతారు, రాయనిది వాళ్లకు ఎలా కనపడుతుంది? ఆ వివరాలన్నీ ఎక్కించాక ఇంటర్వ్యూకి పిలుపులు మొదలయ్యాయి. హెవీ లైసెన్స్ ఉన్న డ్రైవర్లు, ఐటీఐ ఎలక్ట్రీషియన్లు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ పనికి పోదామనుకుంటున్న ఆడవాళ్లు, అందరిదీ ఇదే కథ.

పిలుపు వచ్చినంత మాత్రాన ఉద్యోగం కాదు, ఉద్యోగం వచ్చినా నిలబడుతుందని లేదు. ఒక మేళాలో బోర్డు మీద ఒక జీతం రాశారు, చేరాక టార్గెట్ కొడితేనే అంత అన్నారు, మన కుర్రాళ్లు నెల తిరక్కుండానే మానేశారు. అందుకని బయల్దేరే ముందే ఫోన్ చేసి ఫిక్స్‌డ్ జీతం ఎంత, పీఎఫ్ ఉందా, నైట్ షిఫ్ట్ అయితే క్యాబ్ ఇస్తారా అని అడిగిస్తున్నాం. ఇలా అడిగితే ఉద్యోగం రాదేమోనని కొందరికి టెన్షన్, కానీ దానికే కోపం తెచ్చుకునే కంపెనీలో చేరకపోవడమే నయం అని కమిటీ అభిప్రాయం.

రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని ఫోన్ వస్తే ఒక్క రూపాయి పంపకండి. ఒకవేళ పంపి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గల్ఫ్‌కి పోదామనుకునేవాళ్లు ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూసుకోవాలి, విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది.

వచ్చే ఏడాదికి మూడు కావాలి. ప్రింటర్ ఒకటి, కంప్యూటర్ తెలిసిన రిటైర్డ్ టీచర్లు ఇద్దరు ముగ్గురు, మూడోది అన్నిటికన్నా ముఖ్యం: మనలోనే షాపులు, వర్క్‌షాపులు, క్లినిక్‌లు నడిపేవాళ్లు ఉన్నారు, మీ దగ్గర ఖాళీ వస్తే తెలిసినవాళ్లను అడగడంతో ఆపకుండా నేషనల్ కెరీర్ సర్వీస్, డీట్ పోర్టళ్లలో కూడా పెట్టండి. ఎలా పెట్టాలో మేం చూపిస్తాం.

డెస్క్ ఎప్పట్లాగే ఆదివారం పది నుంచి ఒంటిగంట వరకు. ఆధార్, మార్కుల మెమోలు, పాత కార్డు ఉంటే అది, ఓటీపీ వచ్చే ఫోన్ వెంట తెచ్చుకోండి. ఆ ఫోన్ ఇంట్లో వదిలేసి వచ్చేవాళ్లతోనే సగం టైం పోతోంది.

ఇట్లు,
కార్యదర్శి, కమిటీ తరఫున