నాన్నమ్మ కళ్ళాపి చల్లితే స్ట్రైకు పడింది

పర్లాకిమిడి,
20-1-2007

ఒరే బావా,

పండక్కి రాలేనని నువ్వు రాసిన కార్డు సరిగ్గా భోగి నాడు అందింది. మంట దగ్గర నిలబడి చదివి, కోపంతో అందులోనే వేసేద్దామనుకున్నాను. సెలవు దొరకలేదన్నావని వదిలేశాను. ఫోనులో చెబుదామంటే రెండు నిమిషాలకే "డ్యూటీకి టైమైంది" అంటావు. ఇది రెండు నిమిషాల్లో తేలే సంగతి కాదు. అందుకని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరివాళ్ళం, నోటికొచ్చినట్టు రాస్తే తప్పు పట్టేవాడెవడు?

మా చిన్నన్నయ్య న్యూజెర్సీ నుంచి వచ్చాడు. మన చిన్నరైలు పోయింది, పెద్ద లైను పనులు ఇంకా సాగుతూనే ఉన్నాయి. అంచేత పలాసలో దిగి, జీపు మాట్లాడుకుని, పాతపట్నం మీదుగా వచ్చాడు. సూట్‌కేసులు జీపు మీద పడేశాడు గానీ ఒక అట్టపెట్టెను మాత్రం పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాడట. అమ్మ మిక్సీ అనుకుని సంబరపడింది. విప్పితే వీడియో గేము. అమ్మ మొహం చూడాలి నువ్వు.

దాని పేరు వీ. మారియోని తెచ్చిన నింటెండో వాళ్ళదే. పోయిన నవంబరు 19న అమెరికాలో అమ్మకానికి పెట్టారు. దొరక్క జనం కొట్లాడుకుంటున్నారట, అన్నయ్య తెల్లారకముందే వెళ్ళి చలిలో లైను కట్టాడు. 250 డాలర్లు, మన లెక్కలో పదకొండు వేల చిల్లర. ఈ కంపెనీ 1889లో క్యోటోలో పేకముక్కలు చేసుకుంటూ మొదలైందని అన్నయ్య చెప్పగానే నాన్న పేపరు దించి మొదటిసారి ఆ పెట్టె వైపు గౌరవంగా చూశారు.

ఒక సంగతి గుర్తుచేస్తాను. బజార్లో గంటకు ఐదు రూపాయలిచ్చి మనం మారియో ఆడేవాళ్ళం కదా. వాడు గుంట మీంచి గెంతినప్పుడల్లా నువ్వు కంట్రోలరుతో సహా చేతులు రెండూ పైకెత్తేవాడివి. "ఎత్తితే గెంతడెహే, బటన్ నొక్కాలి" అని నేను తిట్టేవాణ్ణి. ఇన్నేళ్ళకు, బావా, ఆ ఎత్తడం లెక్కలోకొచ్చింది. దీనికి చెయ్యి ఊపడమే ఆట. నువ్వు ఇరవయ్యేళ్ళు ముందు పుట్టావంతే.

అయితే ఊపడం మొదలెట్టడానికే ఒక రోజు పట్టింది. మేనల్లుడు ప్లగ్గు తీసుకెళ్ళి గోడలో పెట్టబోతుంటే అన్నయ్య వంటింట్లోంచి వేసిన కేకకు పక్కింటివాళ్ళు కూడా లేచొచ్చారు. దాని అడాప్టరు అమెరికాది, 120 వోల్టులది. మన 230 తగిలితే పొగే. ఊరంతా తిరిగి ఒక కన్వర్టరు తెచ్చాం. ఇటుకంత బరువు, ఆన్ చేస్తే కందిరీగలా రొద. ఇంతా చేసి టీవీకి తగిలిస్తే బొమ్మ బ్లాక్ అండ్ వైటు! "పదకొండు వేలు పోసి దూరదర్శన్ తొలినాళ్ళ బొమ్మ తెచ్చావు" అన్నారు నాన్న. గంటసేపు వైర్లు పీకి పెట్టాం. ఆఖరికి మేనల్లుడే టీవీ మెనూలోకి వెళ్ళి కనిపెట్టాడు. అమెరికా బొమ్మ పంపే పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మన టీవీలది పాల్ అనే ఇంకో పద్ధతి. సిస్టమ్ అన్నచోట పాల్ తీసి ఆటో పెట్టగానే గడ్డి పచ్చబడింది. పదకొండేళ్ళ గుంటడు చేసిన పనికి మేం ముగ్గురం మగాళ్ళం చప్పట్లు కొట్టాం.

పెట్టె చిన్నదే. మూడు డీవీడీ డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చినంత. అసలు సరుకంతా రిమోటులో ఉంది. తెల్లగా, జానెడు కన్నా పొట్టిగా, మామూలు టీవీ రిమోటులాగే ఉంటుంది. లోపల గోరంత చిప్పు ఒకటి. పాతపట్నం బస్సులో డ్రైవరు సడన్ బ్రేకు కొడితే నిలబడ్డవాళ్ళందరం ఎలా తూలుతాం? ఆ చిప్పులో ఒక సన్నటి ముక్క అలాగే తూలుతుందట. అది ఎటు తూలిందో, ఎంత తూలిందో మూడు దిక్కుల్లోనూ కొలుచుకుని, నీ చెయ్యి ఎంత జోరుగా కదిలిందో పెట్టెకు చెబుతుంది. రిమోటులో బుల్లి స్పీకరు కూడా ఉంది. టెన్నిస్‌లో బంతి తగిలినప్పుడు టప్ మనే చప్పుడు టీవీలోంచి కాదు, నీ గుప్పిట్లోంచి వస్తుంది, దాంతోపాటు చిన్న అదురు. మొదటిసారి నేను నిజంగానే చెయ్యి చూసుకున్నాను.

ఇక బొమ్మల సంగతి. ఆడేముందు మన మొహంతో ఒక బొమ్మ చేసుకోవాలి. ముక్కు, కళ్ళు, మీసం, జుట్టు అన్నీ ఏరి పెట్టుకోవడమే. ఆటలోకి దిగాక ఆ బొమ్మల చేతులు ఒంటికి అతుక్కుని ఉండవు, ముంజేతులు లేకుండా గుండ్రటి గుప్పిళ్ళు గాల్లో తేలుతుంటాయి. నాన్నమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఏటిరా, ఈళ్ళు జగన్నాథస్వామికి మల్లే ఉన్నారు" అంది. అన్న తర్వాత నాలుక కరుచుకుని చెంపలు వేసుకుంది. ఆ పోలిక విన్నాక నాకు ఆ బొమ్మలు ఇంకోలా కనబడ్డం లేదు.

నాన్నమ్మ బౌలింగు గురించే ఈ ఉత్తరం మొదలుపెట్టాను నిజానికి. క్రికెట్ బౌలింగు కాదు. బరువైన బంతిని నేల మీద దొర్లించి పది కర్రల్ని పడగొట్టే ఆట. రిమోటు కింద ఉన్న బటన్ నొక్కిపట్టి, చెయ్యి వెనక్కి తీసి, ముందుకు విసురుతూ బటన్ వదిలెయ్యాలి. అన్నయ్య వేశాడు, ఏడు. నేను వేశాను, పక్క కాలవలోకి పోయింది. అమ్మ చెయ్యి వెనక్కి వెళ్ళినప్పుడే బటన్ వదిలేసింది. బంతి వెనక్కి పడింది, టీవీలో నిలబడ్డ బొమ్మలన్నీ ఉలిక్కిపడి గెంతాయి! అమ్మ ఆ బొమ్మలకు సారీ చెప్పింది.

అప్పుడు నాన్నమ్మ లేచింది. డెబ్భై ఎనిమిదేళ్ళు. పైట బొడ్లో దోపుకుంది. కొంచెం పక్కకు వంగి, మోకాలి పక్కనుంచి చెయ్యి తీసి, మణికట్టు దగ్గర చిన్న మెలిక వేసి విసిరింది. ఆ విసురు నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను బావా. పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లే విసురు అది. బక్కెట్లోంచి చెంబు, చెంబులోంచి నేల, అదే ఒడుపు. బంతి కుడివైపు కాలవ అంచుదాకా పోయి, పడిపోతుందనుకున్నప్పుడు లోపలికి తిరిగింది. పదికి పది. అన్నయ్య "స్ట్రైక్!" అని అరిస్తే, "బందేటి, నేను సమ్మె సెయ్యలేదే" అంది. మళ్ళీ వేసింది, మళ్ళీ పది. మెలిక ఎలా వేశావంటే చెప్పలేదు. చెప్పడానికి ఆవిడకూ తెలియదు. ఆ రోజు సాయంత్రం నేను పెరట్లో చెంబుడు నీళ్ళు పట్టుకుని ప్రాక్టీసు చేశాను, నవ్వకు.

పక్కింటి ఒడియా మఉసీ వాళ్ళ సంక్రాంతి ప్రసాదం మకర చావుళ గిన్నె పట్టుకొచ్చి, గుమ్మంలోనే "ఎటా కొణొ?" (ఇదేమిటి?) అంటూ ఆగిపోయింది. పది నిమిషాల్లో బాక్సింగులో అన్నయ్యను పడగొట్టింది. అంతకన్నా వివరాలు అన్నయ్య రాయవద్దన్నాడు.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. టెన్నిస్ ఉంది, గోల్ఫు ఉంది, బేస్‌బాల్ ఉంది. క్రికెట్ లేదు. 24న కటక్‌లో వెస్టిండీస్‌తో వన్డే పెట్టుకున్న రాష్ట్రంలో కూర్చుని ఈ బేస్‌బాల్ ఏమిటి? ఆ బ్యాటు భుజం మీదకెత్తి పట్టుకోవాలి. రిమోటు ఎటు వంగితే తెర మీద బ్యాటు అటు వంగుతుంది. నేను అలవాటు కొద్దీ కిందకు దించి గార్డు తీసుకుంటే, టీవీలో నా బొమ్మ కర్రతో నేల పొడుస్తున్న ముసలాడిలా నిలబడింది. స్ట్రెయిట్ డ్రైవ్ కొట్టబోయి మూడుసార్లు అవుట్.

ఇంకో మోసం ఉంది. మొదటి రోజు మేమందరం గెంతి, ఎగిరి, చెమటలు కక్కుకుంటూ ఆడాం. మేనల్లుడు మాత్రం మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒక చేత్తో అరిసె తింటూ, రెండో చేతి మణికట్టు చిటుక్కున ఆడించి అందర్నీ ఓడించాడు. ఆ చిప్పుకు విసురు ఒక్కటే తెలుసు. నువ్వు నిలబడ్డావో, పడుకున్నావో, టవలు కట్టుకున్నావో దానికి పట్టదు. ఇది తెలిశాక కూడా నేను నిలబడే ఆడుతున్నాను. కూర్చుని గెలవడం కన్నా గెంతి ఓడిపోతేనే బాగుంది, ఎందుకో.

ఫలితం మర్నాడు తెలిసింది. భుజం పట్టేసింది. అమ్మ కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి రాస్తూ, బజారుకెళ్ళి కూరల సంచి మోసినప్పుడు ఎన్నడూ పట్టలేదేమని అడిగింది. దానికి తోడు ఆ యంత్రం రోజుకొకసారి పరీక్ష పెట్టి నీ ఒంటి వయసెంతో చెబుతుంది. మంచి ఆటగాడికి 20, బొత్తిగా పనికిరానివాడికి 80. నాకు ముప్ఫై నాలుగేళ్ళు కదా. 71 అంది. నాన్నమ్మకు 52 వచ్చింది. అప్పట్నుంచి నన్ను "తాతా" అని పిలుస్తోంది.

నాలుగో రోజు కొంప మునిగింది. టీవీ మీద సన్నటి బద్ద ఒకటి పెట్టాలి, దాన్నుంచి దారమంత వైరు పెట్టెలోకి వెళుతుంది. రాత్రి ఎలక ఆ వైరు కొరికేసింది. పొద్దున్నే చూస్తే తెర మీద బాణం గుర్తు లేదు. బాణం లేకపోతే మెనూలో దేన్నీ నొక్కలేం. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. అన్నయ్య కాసేపు తల పట్టుకుని, ఉన్నట్టుండి "రెండు దీపాలు తే" అన్నాడు. అలసిపోయి మతి పోయిందనుకున్నాను. విషయమేమిటంటే, ఆ బద్దలో కనిపెట్టే సామానేమీ లేదు. రెండు చివర్లా కంటికి కనబడని వెలుతురు చిమ్మే బుల్లి దీపాలు మాత్రమే ఉన్నాయి. చూసే కన్ను రిమోటు ముందు భాగంలో ఉంది. ఆ రెండు వెలుగులూ తనకు ఎక్కడ కనబడుతున్నాయో చూసుకుని, మనం తెర మీద ఎక్కడ గురిపెట్టామో అది లెక్కగడుతుంది. మన నూనె దీపంలోనూ ఆ కనబడని వెలుతురు ఉంటుంది కదా.

నాన్నమ్మ కార్తీకం నాటి ప్రమిదలు రెండు తెచ్చి, వత్తులు తడిపి వెలిగించింది. టీవీ ముందు స్టూలు వేసి వాటిని జానెడు ఎడంగా పెట్టాం. కిటికీ తలుపులు మూశాం. అన్నయ్య రిమోటు ఎత్తాడు. బాణం గుర్తు వచ్చింది! దీపం రెపరెపలాడినప్పుడల్లా అది కూడా జ్వరమొచ్చినట్టు వణుకుతోంది గానీ, వచ్చింది. సరిగ్గా అప్పుడే నాన్న పూజ ముగించుకుని గదిలోకి వచ్చారు. టీవీ ముందు దీపాలు, ఎదురుగా చేతులు చాపి మేమందరం. ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. తర్వాత వైరు అతికించాంలే. అయినా పిల్లలకు దీపాలే కావాలట.

ఇప్పుడు నీ సంగతి. బేస్‌బాల్‌కు టీమంతా కావాలి కదా, అందులో ఉన్న మన బొమ్మల్ని అదే తీసుకుని నింపుతుంది. అందుకని నీ బొమ్మ కూడా చేశాను. గుండ్రటి మొహం, దుబ్బు కనుబొమ్మలు, ఆ మీసం. అరగంట పట్టింది నీ ముక్కుకు. నిన్న ఆడుతుంటే దూరంగా గడ్డిలో నిలబడ్డ మనిషి నువ్వే! బంతి వస్తోంది, నువ్వు పరిగెత్తావు, అది నీ పక్కనుంచే పోయింది. కాలేజీ గ్రౌండులో గునుపురం వాళ్ళతో మ్యాచ్ నాడు లాంగాన్‌లో చేసినట్టే. ఇంట్లో అందరూ ఒక్కసారిగా నీ పేరు పెట్టి తిట్టారు, నాన్నమ్మతో సహా. పండక్కి రాకపోయినా నీ వాటా తిట్లు నీకు అందాయని తెలియజేస్తున్నాను.

అన్నయ్య సోమవారం బయల్దేరుతున్నాడు. పెట్టె ఇక్కడే వదిలేస్తానన్నాడు. రిమోటుకు రెండేసి పెన్సిల్ సెల్లులు పడతాయి. అరిసెల నూనె చేతులతో మాత్రం ముట్టుకోకూడదు. ఆ చేత్తోనే టెన్నిస్ ఆడితే రిమోటు జారి, ఎగిరి తాతయ్య ఫోటో పక్కన గోడకు తగిలింది. వెంట్రుకవాసిలో తప్పింది. చేతికి తాడు వేసుకోమని పెట్టె మీదే రాసి ఉంది. వేసుకోకపోవడం నా తప్పే. వేసుకున్నా సన్న తాడు తెగేదేమో, అమెరికాలో కూడా జనం ఇలాగే విసిరేస్తుంటే పోయిన నెలలో కంపెనీవాళ్ళు 32 లక్షల తాళ్ళు మార్చి లావువి ఇస్తామన్నారట.

చెల్లెమ్మకూ పిల్లలకూ అడిగానని చెప్పు. వేసవిలోనైనా రా, నాన్నమ్మతో ఒక ఆట వేద్దువుగాని.

ఇట్లు,
నీ ఓపెనింగ్ బ్యాట్స్‌మన్

తా.క.: ఆ మీసం ఇంకా ఉంచావా, తీసేశావా? వెంటనే రాయి. బొమ్మకు మార్చాలి.